పెట్రోలు పైపు మార్చిన ఆదివారం

మా అన్నది కాంటెస్సా కారు. నల్ల రంగు, పొడుగు ముక్కు, వెడల్పాటి భుజాలు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, బైకుల మీది కుర్రాళ్ళు అద్దం దగ్గరికి వంగి, "అంకుల్, ఇది మన దేశం మజిల్ కార్ కదా!" అంటారు. అన్న మీసం సర్దుకుంటాడు. పక్క సీటులో నేను నవ్వు ఆపుకుంటాను. ఫ్యాక్టరీల పేట పీణ్యలో ఒక మెషిన్ షాపులో ఫిట్టరుగా జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషికి ఆ కారు తప్ప ఇంకో డాబు లేదు.

ఆ షాపులో అన్న చేతికంటే ముక్కుకే ఎక్కువ పేరు. ఏ మెషిన్లో బేరింగు వేడెక్కుతోందో, ఏ మోటారులో వైరు కాలబోతోందో తలుపులో అడుగుపెట్టగానే చెప్పేవాడట. ఇంట్లోనూ అంతే. పక్కింటివాళ్ళ పప్పులో ఇంగువ పడిందో లేదో మేడ మీద నిలబడి తేల్చేవాడు. ఇక కారు సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, తల లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చేవాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, ట్యాంకు దగ్గర మోకాళ్ళ మీద వంగి మళ్ళీ పీల్చేవాడు. "సరిగ్గా ఉండాది" అనేవాడు. అదే తనిఖీ. "గుళ్ళో కూడా నీకింత భక్తి లేదు కదప్పా" అని నేను ఏడిపించేదాన్ని.

నేను ఊరికి అవతలి కొసన, హూడిలో ఒక ఆఫీసులో పనిచేస్తాను, అక్కడే ఉంటాను. ఆదివారం మాత్రం మెట్రో ఎక్కి అన్న ఇంటికి వచ్చేస్తాను. తనిఖీ అయ్యాక అన్న కారు వెనక తలుపు తెరిచి, ఎడమవైపు సీటు మీద అరచెయ్యి ఆనించి, "అమ్మ వాసన ఇంకా ఉండాది పాపా" అనేవాడు. నాకు యాభై దగ్గర పడుతున్నా అన్నకు నేను పాపనే. నేను "ఊఁ" అనేదాన్ని. అప్పుడు బయల్దేరేవాళ్ళం.

అది అమ్మ చోటు. అమ్మ తలలో ఎప్పుడూ మరువం ఉండేది, నోట్లో వక్కాకు. రెండూ కలిసిన ఆ వాసన సీటు ముఖమల్ గుడ్డలోకి ఇంకిపోయింది. జ్వరాల కాలంలో, ఊరంతా తలుపులు వేసుకుని కూచున్నప్పుడు, అమ్మకు ఊపిరి అందకపోతే, అంబులెన్సు దొరక్క అన్నే ఆమెను ఆ సీటులో కూచోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తనకూ అప్పుడు జ్వరమే. తను తిరిగొచ్చాడు, అమ్మ రాలేదు. నేను హూడిలో గది దాటలేని స్థితిలో ఉన్నాను. నాకు దక్కిన కడసారి చూపు ఫోన్లోనే. ఆ సీటు గుడ్డ చీకిపోయింది, మార్పిద్దామని వదిన ఎప్పుడైనా అంటే అన్నకంటే ముందు నేనే ఆమె మీద విరుచుకుపడేదాన్ని.

ఇదంతా ఇలాగే నడిచేది, పోయిన ఏడాది ఆయుధ పూజ రాకపోతే.

ఆ రోజు అన్న కారును కడిగి, గేటు బయట ముగ్గు మీద నిలిపాడు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు రెండు పక్కలా అరటి పిలకలు, పగలగొట్టడానికి కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ. అందరూ అద్దానికి దండ వేసి ఊరుకుంటారు. మెషిన్ షాపు మనిషి కాబట్టి అన్నకు అది చాలదు. బానెట్ ఎత్తి ఇంజనుకు బొట్టు పెట్టాలి, పూలు పెట్టాలి, ఇంజనుకే హారతి ఇవ్వాలి. "గాడికి ప్రాణం లోపల ఉంటే, బయట అద్దానికి మొక్కితే ఏమొస్తాది?" అనేవాడు. బండిని మా ఇంట్లో గాడి అంటాం.

వదిన సాంబ్రాణి వేసింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించి అన్న చేతికిచ్చింది. అన్న ఇంజను మీదికి వంగాడు. నేను గుమ్మడికాయ పట్టుకుని అవతలి పక్క నిలబడ్డాను. గాలి మళ్ళి సాంబ్రాణి పొగ అటు పోయింది. నా ముక్కుకు పెట్రోలు కొట్టింది. ఏదో సన్నటి వాసన కాదు, బాగా ఘాటుగా. కిందికి చూస్తే ఇంజను పక్కనున్న పంపు కింద రబ్బరు గొట్టం తడిగా మెరుస్తోంది, తెల్లటి ముగ్గు మీద మచ్చ పెద్దదవుతోంది. అన్న మొహం సరిగ్గా దాని పైనే ఉంది. ప్రశాంతంగా ఊపిరి పీలుస్తున్నాడు. చేతిలో మంట.

"అన్నా! వెనక్కి రా!" అని అరిచాను.

"ఏమైంది పాపా?" అన్నాడు గాని కదల్లేదు.

గుమ్మడికాయ ఎక్కడ పడేశానో నాకే తెలియదు. చుట్టూ తిరిగి పరిగెత్తి, పళ్ళెం లాక్కుని, కారు కడిగిన బక్కెట్లో ముంచేశాను. చెయ్యి చురుక్కుమంది.

నాకు భయం వేస్తే అది కోపంగానే బయటికొస్తుంది. "ముక్కు కింద పెట్రోలు కారతా ఉండాది! నీకు తెలీలేదా?" అని వీధంతా వినిపించేలా కేకలేశాను.

"సాంబ్రాణి పొగ కదా పాపా..." అన్నాడు.

వదిన మాత్రం గొంతు పెంచలేదు. "పొద్దున ఇంజన్ స్టార్ట్ చేసి చూసినారు కదా. అప్పుడు సాంబ్రాణి లేదే" అంది.

అన్న గడప మీద కూలబడ్డాడు. "అమ్మను ఆసుపత్రికి తీసకపోయిన ఆ వారం నుంచీ నాకు ఏ వాసనా రాదు" అన్నాడు. "ఆ జ్వరానికి అందరికీ పోయి మళ్ళా వచ్చె. నాకూ వస్తాదిలే అని చూసినా. రాలేదు. ఆ మీదట చెప్పేకి సిగ్గాయె."

కళ్ళు పోయినవాడికి ఒక పేరుంది, చెవులు పోయినవాడికీ ఉంది. వాసన పోయినవాడిని ఏమంటారో మా ఇంటి మాటల్లో లేదు. అందుకే దాచుకోవడం కుదిరింది. వదిన వంటింట్లోంచి ఏది తెచ్చినా ఆమె మొహం చూసి "ఘుమఘుమ" అనేవాడన్నమాట. ప్రతి ఆదివారం బానెట్ కింద కళ్ళు మూసుకున్నదంతా ఉత్తుత్తి వేషం. ఆ బండిలో మమ్మల్ని కూచోబెట్టుకుని ఊరంతా తిప్పాడు! చెడామడా తిట్టాలని నోరు తెరిచాను. తనను చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

ఆ రోజు గుమ్మడికాయ కొట్టలేదు. "ఈ పైపులన్నీ మారిస్తేనే ఈ గాడి గేటు దాటాల. లేకుంటే అమ్మేద్దాం" అని వదిన తేల్చేసింది. ముగ్గురం కారును లోపలికి తోశాం.

మార్చడం అన్నకు తెలియని పని కాదు. ఇప్పటి పెట్రోల్లో చెరకునుంచి తీసిన స్పిరిట్ కలుపుతారు, పాతకాలం రబ్బరు దాన్ని తట్టుకోలేక మెత్తబడిపోతుంది. తట్టుకునే రబ్బరు గొట్టం, కొత్త స్టీలు పైపు, క్లిప్పులు అన్నీ తనే తెచ్చుకున్నాడు. తెచ్చి, విప్పకుండా మెట్ల కింద పెట్టేశాడు. కారు మీద టార్పాలిన్ కప్పేశాడు. ఎన్ని ఆదివారాలు వచ్చి చూసినా ఆ సంచి అక్కడే ఉంది.

"ఎందుకన్నా ఇట్ల పెట్టుకున్నావు?" అని అడిగాను.

"మార్చేది ఎంతసేపు పాపా. మార్చినంక కారలేదని ఎవరు చెప్తారు? ఎక్కువ కారితే కంటికి కనిపిస్తాది. కొంచెం కొంచెం చెమ్మ వస్తే ఇంజను వేడికి ఆరిపోతాది, కనిపించదు. దానికి ముక్కే కావాల."

"అయితే మెకానిక్కుకియ్యి."

"వాడు ఇయ్యాల చూసిస్తాడు. వచ్చే ఆదివారం ఎవరు చూస్తారు? నాకు తెలీని గాడిలో మిమ్మల్ని ఎట్ల ఎక్కించుకునేది? అమ్మేద్దాంలే."

అమ్మేద్దాం అన్నప్పుడు తన కళ్ళు వెనక తలుపు మీదికి పోయాయి. అది చూశాక నేను ఊరుకోలేకపోయాను.

"నేనుండా కదా! నా ముక్కుకేమైంది? నువ్వు మార్చు, నేను చూస్తా. ప్రతి ఆదివారం చూస్తా" అన్నాను. అన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు.

తర్వాతి ఆదివారం పని పెట్టుకున్నాం. పని అయ్యేదాకా వదిన దేవుడి దగ్గర దీపం కూడా పెట్టలేదు. అన్న బ్యాటరీ వైరు విప్పాడు, ట్యాంకు ఖాళీ చేశాడు, కారును స్టాండ్ల మీద ఎత్తి కిందికి దూరాడు. పాత గొట్టం ఊడదీసి నా చేతికిచ్చాడు. పట్టుకుంటే వేళ్ళకు నలుపు అంటింది. బ్లేడుతో చీల్చి చూపించాడు. లోపల ఉడికిన వంకాయ తోలులా జారిపోతోంది. దాని మీద మేమంతా నమ్మకంగా తిరిగాం. పాత స్టీలు పైపును నేల మీద పరిచి, పక్కనే కొత్తదాన్ని పెట్టి, ఒక్కో వంపూ సరిచూసుకుంటూ చేత్తోనే వంచాడు. ట్యాంకునుంచి పంపుదాకా కొత్త పైపు పరిచి, అతుకు ఉన్న ప్రతిచోటా క్లిప్పు బిగించాడు. వాసన పోయినా ఆ చేతులకు ఏమీ కాలేదు. వాటిని చూస్తుంటే నాకు గర్వంగా అనిపించింది.

పెట్రోలు పోసి ఇంజన్ స్టార్ట్ చేశాక అన్న పక్కకు జరిగాడు. "రా పాపా. ఒక మాట. నా మనసు నొస్తాదని ఏమీ చెప్పద్దు. వస్తే వస్తా ఉండాదను, రాకుంటే రాలేదను. ఇక్కడ మొహమాటం పడితే మనుషులు కాలిపోతారు."

నేను తన మాదిరే తల లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని పీల్చాను. పంపు దగ్గర పెట్రోలు తగిలింది. కళ్ళు తెరిస్తే అన్న నా మొహంలోకే చూస్తున్నాడు. ఎంత ఆశగా చూస్తున్నాడంటే, బాగుందని చెప్పేయాలని నాలుక కొసదాకా వచ్చింది.

"వస్తా ఉండాదన్నా. ఇక్కడ" అన్నాను.

తను ఇంజన్ ఆపి, క్లిప్పు విప్పి, గొట్టం ఇంకాస్త లోపలికి తోసి మళ్ళీ బిగించాడు. గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. కాసేపు ఆగి మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఈసారి రాలేదు. కారు పక్కన వంగి చూశాను, ట్యాంకు దగ్గర నేల మీద పడుకుని చూశాను. ఎక్కడా రాలేదు. "రాలేదు" అన్నాను. అన్న ఇంజన్ ఆపి చేతులు తుడుచుకున్నాడు.

అలవాటుగా వెనక తలుపు తెరిచాడు. సీటు మీద చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ అనే మాట అనలేదు.

"ఇక్కడ కూడా చూడు పాపా" అన్నాడు.

నేను సీటు మీదికి వంగి, అమ్మ తల ఆనించే చోట చెంప ఆనించాను. దుమ్ము, ఎండకు కాగిన గుడ్డ, పాత స్పాంజి. ఇంకేమీ లేదు. చాలాకాలంగా ఏమీ లేదు. అన్నది అంత గొప్ప ముక్కు కాబట్టి తనకు అందుతోంది, నాకే అందడం లేదనుకుని ఇన్నాళ్ళూ ఊఁ కొట్టాను. ఇప్పుడు తను తలుపు పట్టుకుని, పంపు దగ్గర చూసినట్టే, నా మొహంలోకి చూస్తున్నాడు.

"లేదన్నా" అన్నాను. "అమ్మ వాసన లేదు. చానా దినాలాయె పోయి."

"మరి ఊఁ అంటా ఉంటివి?"

"నువ్వు ఉండాదంటా ఉంటివి కదా. నాకు రాకున్నా నీకన్నా వస్తా ఉండాదిలే అనుకున్నా."

అన్న మెల్లగా లోపలికి వచ్చి, అమ్మ సీటులో నా పక్కన కూచున్నాడు.

"నేను కూడా నీకు వస్తా ఉండాది అనుకున్నా పాపా" అన్నాడు. "నాకొక్కడికే అమ్మ లేకుండా పాయనే అనుకుంటి."

ఆసుపత్రి గేటు బయట తను ఒక్కడే ఏడ్చాడు. హూడి గదిలో నేను ఒక్కదాన్నే ఏడ్చాను. అమ్మ పోయిన ఇన్నేళ్ళకు, ఆ సీటులో ఇరుక్కుని కూచుని, మా అన్నా నేనూ కలిసి ఏడ్చాం.