చూసినంత మటుకే

కంటి ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే వెలుతురు సూదుల్లా గుచ్చుకుంది. కాసేపటికి కిటికీ అవతల గోడ మీద మట్టిరంగులో చిన్నదేదో కనబడింది. "ఏం కనపడతాండాదో చెప్పు తాతా" అంది నర్సమ్మ. పిట్ట అన్నాను. "ఏం పిట్ట?" అంది. "ముందు అది కదలనీ తల్లీ" అన్నాను. చూపు సరిగ్గా ఆనలేదనుకుని ఆమె డాక్టరుగారిని పిలవడానికి వెళ్లింది. ఆ జవాబు నిజానికి నాది కాదు, అశ్వత్థప్ప సారుది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నన్ను మాత్రం ఇంకా వదల్లేదు మహానుభావుడు.

అరవైల మొదట్లో నేను పెనుకొండలో తెలుగు పంతులుగా చేరాను. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. పిట్టంటే కాకి, పిచ్చుక, చిలుక, అంతే నాకు తెలిసింది. సారు అదే బడిలో సైన్సు మాస్టరు, నాకంటే బాగా పెద్ద. ఒంటి మనిషి. ఆదివారం వస్తే చాలు, తెల్లవారకముందే వచ్చి నా తలుపు కొట్టేవారు. వారమంతా పిల్లలతో అరిచి అరిచి గొంతు పోయి పడుకున్నవాణ్ణి లేపి చేలగట్ల వెంట తిప్పేవారు. కాదనడానికి మొహమాటం. నాకేమో నడకంటే పరమ బద్ధకం. ఆ రోజుల్లో నేను ఆయన్ని మనసులో తిట్టుకోని ఆదివారం లేదు.

మొదటిరోజు కొండ కింద కోసేసిన కొర్ర చేలో ఒక పిట్టను చూపించి ఏమిటన్నారు. పిచ్చుక అన్నాను. "ఏమప్పా, అంత తొందర? పిచ్చుకైతే గెంతుతాది. అది నడుస్తాండాది చూడు" అన్నారు. నిజమే, మనిషిలాగే ఒక కాలు తర్వాత ఒక కాలు వేస్తోంది. అయితే భరతపిట్ట అన్నాను, ఎక్కడో చదివిన పేరు. "తోక చూసినావా? ఆడిస్తాందా, లేదా? ఈపున చారలుండాయా?" నేను అవేవీ చూడలేదు. అంతలో అది కాస్తా ఎగిరిపోయింది. "పోయింది గదా, ఇంగ తెలీలేదనుకో" అని ఆయన హాయిగా ముందుకు నడిచారు. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం ఈడ్చుకొచ్చింది తెలీలేదని చెప్పడానికా!

ఆయన పద్ధతే అంత. ఆ చేలల్లో తిరిగే చిన్న పిట్టలన్నీ మట్టిరంగే, అన్నీ గుప్పెడంతే. ఒకటి బొద్దుగా ఉండి, పైకెగిరి, కాళ్లు వేలాడేసుకుని పాడుతూ దిగుతుంది. ఇంకొకటి సన్నగా ఉండి మాటిమాటికీ తోక ఆడిస్తుంది. గిజిగాడి ఆడపిట్టనైతే పిచ్చుకేనని ఎవరైనా ప్రమాణం చేస్తారు. పేరు తర్వాత, ముందు కంటికి కనిపించింది చెప్పమనేవారు. కనిపించనిది ఒక్క ముక్క కలిపినా ఊరుకునేవారు కాదు. ఏడాది తిరిగేసరికి నాకూ కొన్ని తెలిశాయి. ఆయన చూపు గురించి ఊళ్లో గొప్పగా చెప్పుకున్నదీ నేనే.

ఒక చలికాలం పొద్దున మేమిద్దరం ఊరి బయట గట్టు మీద కూర్చున్నాం. చేనవతల వెంకటరమణప్పగారి శెనక్కట్టె వామి, ఎండిన వేరుశెనగ తీగల పెద్ద కుప్ప, ఉంది. ఆయన పెద్ద రైతు, సారు అద్దెకున్న ఇల్లు కూడా ఆయనదే. వామి అంటే ఎండాకాలమంతా పశువులకు మేత. మా వైపు ఎవరి మీదైనా కడుపుమంట ఉంటే వామికి నిప్పు పెడతారు. మనిషిని కొట్టడం కంటే అది పెద్ద దెబ్బ. నేను మోకాళ్ల మీద తలపెట్టి కునుకు తీస్తున్నాను. సారు భుజం పట్టి కుదిపేసరికి వామి మండుతోంది. "ఎవరో కంబళి ముసుగేసుకోని వంకలోకి దిగినాడు" అన్నారు. ఆ చలిలో కంబళి కప్పుకోకుండా తిరిగే మగవాడు ఊళ్లో ఎవడు?

మధ్యాహ్నానికల్లా వెంకటరమణప్ప తన దగ్గర జీతం చేసిన ఓబులేసును పట్టుకొచ్చి కళ్లంలో కూర్చోబెట్టాడు. కొద్ది రోజుల ముందే నలుగురిలో వాణ్ణి కొట్టి పని మాన్పించి ఉన్నాడు. పోలీసులొచ్చారు. చూసింది సారొక్కరే, ఆయన ఒక్క మాటంటే ఓబులేసు జైలుకే. సారును పిలిపించారు, వెంట నేనూ వెళ్లాను.

"ఏం సార్, వీడే గదా?" అన్నాడు వెంకటరమణప్ప.

"కంబళి కప్పుకున్న మనిషిని చూసినా. మొగం చూడలేదు."

"నడక చూసింటారు గదా. ఒగే తీరుగా ఉండే పిట్టల్ని ఈడ కూచోని ఆడుండేది ఫలానాదని చెప్తారంట. మనిషిని చెప్పలేరా?"

ఆ మాట ఊళ్లో చాటింది నేనే, తల దించుకున్నాను. సారు మాత్రం నెమ్మదిగానే అన్నారు. "పిట్టను శానా సేపు చూస్తానప్పా. ఈ మనిషిని చూసింది రెప్పపాటు. పేరు చెప్పలేను."

ఓబులేసు ఆయన కాళ్ల దగ్గరికి జరిగాడు. "నేను కాదని చెప్పండి సార్. పిల్లలుండారు సార్" అన్నాడు. నేను ఆగలేక సారు చెవిలో, కాదని చెప్పెయ్యండి, మనిషి బతికిపోతాడు అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "కాదని మాత్రం నేను చూసినానా?" అన్నారు.

సాక్ష్యం లేక పోలీసులు ఓబులేసును వదిలేశారు. నిప్పు పెట్టిందెవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వెంకటరమణప్ప ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఊళ్లో మరో ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. సారు ధర్మవరానికి బదిలీ పెట్టుకున్నారు. ఆ నెలరోజుల్లోనే మనిషి బాగా చిక్కిపోయారు. ఆదివారాలు నా తలుపు కొట్టడం కూడా మానేశారు. నిద్ర మిగిలిందని నేనేమీ సంతోషించలేదు.

రైలెక్కించడానికి స్టేషనుకు వెళితే అక్కడ ఓబులేసు ఉన్నాడు. సారు ట్రంకుపెట్టె నా చేతిలోంచి తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. బండి వచ్చాక పెట్టెను లోపల సర్ది, దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఊరంతా ఏమన్నా అనుకోనీ సార్. నేను చేయలేదని మీకు తెలుసు గదా. అందుకే గదా నన్ను కాపాడినారు" అన్నాడు.

సారు కిటికీ ఊచ పట్టుకుని వాడి మొహంలోకి చూశారు. "నాకు తెలీదు ఓబులేసూ" అన్నారు.

వాడి మొహం వాడిపోయింది. తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఒక్క మాట, అవునని అనుండొచ్చు గదా సార్. మీకేం పోయేది?" అన్నాను.

"అనింటే, ఆ పొద్దు కళ్లంలో చెప్పింది గూడా వాని మీద జాలితో చెప్పిందే అయ్యేదప్పా" అన్నారు. గేటు వైపు మాత్రం చూడలేదు. బండి కదిలింది.

తర్వాత నేను హిందూపురంలో హెడ్మాస్టరునయ్యాను. బడిలో, బంధువుల్లో, వీధిలో ఎన్ని తగాదాలకు నన్ను పిలిచారో. "మీకు తెలుసు గదా సార్" అంటూ రెండు వైపులవాళ్లూ నా మొహంలోకి చూస్తారు. చూసినంతే చెబుతాను, మిగతాది తెలీదంటాను. అలా చెప్పి చెప్పి అలసిపోయాను, అయినా మానలేకపోయాను. చెప్పాక ఎదుటివాడి మొహం చూడటం ఎలాగో మాత్రం సారు నాకు నేర్పలేదు. ఆయనకూ రాదనుకుంటాను.