రోడ్డు పక్కన రెండు గదులు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను చండ్రుగొండ నుంచి భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న ఒక మండలానికి బదిలీ చేశారు. మండలం పేరు రాయను. అప్పటివాళ్లు కొందరు ఇంకా సర్వీసులోనే ఉన్నారు. నా హోదా పంచాయతీ విస్తరణాధికారి. మండలాభివృద్ధి అధికారి, అంటే ఎంపీడీఓ, కింద ఉండి గ్రామ పంచాయతీల రికార్డులు, సభలు, పనులు చూసుకోవడం నా బాధ్యత.

ఆ ఏడాదే ఒక యూరప్ దేశం సాయంతో పంచాయతీలను బలపరిచే పథకం మా మండలానికి వచ్చింది. మూడు పంచాయతీలను ఎంపిక చేశారు. ఏ పని కావాలో గ్రామసభే తేల్చాలన్నది పథకంలో మొదటి షరతు. ఏజెన్సీ ప్రాంతంలో మన చట్టం చెప్పేదీ అదే. సభ తీర్మానం లేనిదే ఇంజనీరు అంచనా వేయకూడదు, అంచనా లేనిదే పని మంజూరు కాదు.

ఆగస్టులో జిల్లా నుంచి ఫోను వచ్చింది. శనివారం లోపల మూడు తీర్మానాలూ కంప్యూటర్‌లో ఎక్కాలన్నారు. అవి ముసుర్ల రోజులు. నేను ఆఫీసులో కూర్చుని మూడు ఊళ్లకూ ఒకటే తీర్మానం రాశాను: కమ్యూనిటీ హాలు. దాని నమూనా ప్లాను ఇంజనీరు దగ్గర తయారుగా ఉండడమే కారణం. రిజిస్టర్లు పంచాయతీ కార్యదర్శులకిచ్చి సంతకాలు చేయించుకు రమ్మన్నాను. అప్పట్లో చాలా చోట్ల పని అలాగే నడిచేది. నాకు తప్పనిపించలేదు. మూడింట్లో ఒక ఊరు వాగు అవతల ఉంటుంది. వాగు తగ్గక ఆ కార్యదర్శి రెండు రోజులు ఆలస్యంగా వస్తే అతన్ని మందలించాను కూడా.

జనవరిలో రివ్యూ మిషన్ వచ్చింది. డబ్బిచ్చేవాళ్లు పని మొదలయ్యే ముందు ఊరికి వచ్చి స్వయంగా అడిగి చూసుకోవడాన్ని అలా అంటారు. వచ్చినామె పేరు మార్తా. యాభై ఏళ్లు దాటినామె, నోట్‌బుక్ కింద పెట్టకుండా అన్నీ రాసుకునేది. దుబాసీగా నన్ను పెట్టారు. మా నాన్న ఖమ్మంలో టైలరు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఇంగ్లీషు దుకాణానికి వచ్చే పాత పేపర్లు చదివి నేర్చుకున్నాను. మండలాఫీసులో ఆమాత్రం వచ్చినవాడిని నేనొక్కణ్ణే.

మొదటగా వాగు అవతలి ఊరికే వెళ్లాం. బడి వరండాలో సభ. సర్పంచి ముత్తమ్మ కోయ మహిళ, ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఊరివాళ్లతో కోయలో, మాతో తెలుగులో మాట్లాడేది. ఈ హాలు మీరెలా ఎంచుకున్నారని మార్తా అడిగింది. ముత్తమ్మ నెమ్మదిగా, చాలాసేపు చెప్పింది.

"మేం హాలు అడగలే. రిజిస్టర్ల ముందే రాసి ఉండె, మేం ఏలిముద్రలు ఏసినం. గా వారంల్నే మా తమ్ముని పెండ్లానికి నొప్పులొచ్చినయ్. వాగు నిండ పారుతుండె, దవాఖానాకు పోయే తొవ్వ లేదు. ఈడనే కన్నది. పిల్ల దక్కలే. మాకు హాలెందుకు? వాగు దాటినంక, దవాఖానా దిక్కు, రోడ్డు పక్కన రెండు గదులు కట్టుండ్రి. నెలలు నిండినోళ్లు వానలకు ముందే పోయి ఆడ ఉంటరు."

ఎంపీడీఓ గారు నా పక్కనే కూర్చున్నారు. ఆ రాత నాదే అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మార్తాతో ఇంగ్లీషులో, హాలు ఉపయోగపడుతుందంటున్నారు, వైద్య సౌకర్యం కూడా మెరుగుపడాలంటున్నారు అని చెప్పాను. ఆమె రాసుకుంది.

ముత్తమ్మ నన్నే చూస్తోంది.

"సార్, నేను గంతసేపు చెప్పిన. మీరు రెండు ముక్కల్ల అయిపోగొట్టిండ్రు. మేం అడగలే అన్నది చెప్పిండ్రా?"

గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది. అవ్, చెప్పిన అంటే అక్కడితో అయిపోయేది. కాదనగలిగినవాళ్లు ఆ వరండాలో ఎవరూ లేరు.

"చెప్పలేదమ్మా," అన్నాను.

"మరి చెప్పుండ్రి."

మార్తా వైపు తిరిగి, నేను ఇందాక సరిగా అనువదించలేదని చెప్పాను. ముత్తమ్మ మాటలు మొదటి నుంచి వరసగా, బిడ్డ సంగతితో సహా చెప్పాను. ఆ తీర్మానం సభలో రాసింది కాదనీ, ఆఫీసులో నేనే రాశాననీ చివర కలిపాను. మార్తా రాయడం ఆపి, మిగతా రెండు ఊళ్లలో ఎవరు రాశారని అడిగింది. అవీ నేనే అన్నాను.

తిరుగు ప్రయాణంలో ఎంపీడీఓ గారు కిటికీలోంచి చూస్తూనే, "ఖలీల్ సాబ్, మీరు దుబాసీగ వచ్చిండ్రా, సాక్షిగ వచ్చిండ్రా?" అన్నారు.

నెల తిరిగేసరికి నాకు మెమో వచ్చింది. వారంలో సంజాయిషీ ఇవ్వాలి. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మందలింపు శిక్ష వేసి సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. మూడు పంచాయతీల మంజూరూ ఆపేశారు. మూడో ఊరివాళ్లకు నిజంగానే హాలు కావాలి. పెళ్లిళ్లకు, సంఘం మీటింగులకు నీడ లేదు. అక్కడి సర్పంచి ఆఫీసుకొచ్చి, "మీ పాపం మీరు ఒప్పుకున్నరు, బాగనే ఉంది. మేమేం చేసినం?" అని అడిగాడు. మళ్లీ సభ పెట్టి కాగితాలు పంపేసరికి పథకం గడువు దాటింది. ఆ హాలు నేను రిటైరయ్యేదాకా రాలేదు.

ముత్తమ్మ ఊళ్లో రెండోసారి సభకు ఖాళీ రిజిస్టరుతో వెళ్లాను. మూడు గంటలు పట్టింది. మగవాళ్లలో చాలామంది హాలే కావాలన్నారు. ఇంకొందరు బోరు అన్నారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వానల్లో తమకెదురైనవి చెప్పారు. చివరికి చేతులెత్తిస్తే గదులకే ఎక్కువ లేచాయి. మూడు ఊళ్లలో మొదట ఇక్కడే సభ పెట్టడంతో ఈ తీర్మానం పథకం గడువు లోపలే జిల్లాకు చేరింది. ఇంకో చిక్కు మిగిలింది. రోడ్డు పక్క జాగా పొరుగు పంచాయతీది. ఒక ఊరి పని ఇంకో ఊరి హద్దులో కట్టడానికి నిబంధన ఒప్పుకోదు. రెండు పంచాయతీలూ ఉమ్మడి తీర్మానం చేస్తే కుదురుతుందని తేలడానికి నాలుగు నెలలు, ఆరు ఉత్తరాలు పట్టాయి. తమ ఆడవాళ్లూ ఉండొచ్చన్న షరతు మీద పొరుగు సర్పంచి సంతకం పెట్టాడు.

గదులు లేచాయి. మొదటి వానాకాలం ఇద్దరే వచ్చారు. అందులో ఒకామె నాలుగు రోజులకే వెళ్లిపోయింది. ఇంటి దగ్గర పెద్ద పిల్లను చూసేవాళ్లు లేరట. ప్లానులో ఒక్కొక్కరికి ఒక్క మంచమే ఉంది. పిల్లలూ అత్తలూ వెంట వస్తారని నాకు గానీ, ఇంజనీరుకు గానీ, మార్తాకు గానీ తట్టలేదు. ముత్తమ్మ వంటకు, వెంట వచ్చినవాళ్లకు పక్కన రేకుల షెడ్డు వేయించింది. తర్వాతి ఏడాది గదులు నిండాయి. వచ్చినవాళ్లలో ముత్తమ్మ తమ్ముడి భార్య లేదు. వానలు పడకముందే పుట్టింటికి వెళ్లి, అక్కడి ఆస్పత్రిలో కన్నదని విన్నాను.

ఆ తర్వాత నా సర్వీసులో మిగిలిన ఏళ్లన్నీ తీర్మానం ఊళ్లోనే, సభలో అందరి ఎదుటే రాశాను. గట్టిగా చదివి వినిపించి, అవసరమైన చోట కోయలో చెప్పించి, తర్వాతే సంతకాలు తీసుకున్నాను. దీనివల్ల రెండుసార్లు గడువు తప్పింది, రెండుసార్లూ మాట పడ్డాను. విదేశీ సాయమైనా, సర్కారు సొమ్మైనా ఊరికి చేరేది ఆ రిజిస్టరులోని రెండు మూడు వాక్యాల మీదుగానే. ఆ వాక్యాలు ఊరివాళ్లవి కాకపోతే కట్టిన గోడా వాళ్లది కాదు. ఈ సంగతి శిక్షణలో నాకు చెప్పారు, పరీక్షలో నేను రాశాను కూడా. తెలిసింది మాత్రం ఆ వరండాలోనే.