మా అమ్మ కొలతకు కట్టిన అరుగు

మా అరుగు కూల్చొద్దని దుకాణదారుల సంఘానికి మూడు అర్జీలు ఇచ్చాను. ఒక్కటీ ఎవరూ చదవలేదు. బీరంగూడలో మా కిరాణా కొట్టు ముందు అరుగు కట్టిన మేస్త్రీ టేపు ముట్టలేదు. ఇటుకలు పేర్చి మా అమ్మను కూర్చోబెట్టాడు. "జెర సక్కగ కూసో అక్కా, పాదాలు ఆనుతున్నయా?" అంటూ ఒక్కో వరుసా తీశాడు. ఆనగానే తానే గెలిచినట్టు చప్పట్లు కొట్టాడు! ఆ సంబరం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. పక్క కొట్టు సేటు పొడుగు కాబట్టి ఆయన అరుగు ఎత్తుగా కట్టాడు. మా గల్లీలో ఏ రెండు అరుగులూ ఒకేలా ఉండేవి కావు.

ఇప్పుడు అరుగులు తీసేసి మిగతా అన్ని కొట్లకూ ఒకే రకం అద్దాల గోడ పెట్టారు. మా అరుగొక్కటే మిగిలింది.

"తీసెయ్ కాకా, మన గల్లీ దుబాయ్ లెక్క కనవడ్తది," అన్నాడు సంఘం అధ్యక్షుడు.

"దుబాయిల మా అమ్మ యాడ కూసుంటది?" అని అడిగాను. నవ్వి వెళ్లిపోయాడు.

అధ్యక్షా, నవ్వు జవాబు కాదు. సోమవారం అరుగు కూల్చడానికి కూలీలను పంపే ముందు మా అమ్మ ఎదుటికి వచ్చి జవాబు చెప్పు.