పిప్పలి సాక్ష్యం

శాలిని మాట్లాడుతుంటే వినడానికి కొంచెం ముందుకు వంగాలి. మా కింద వాటాలో వాళ్ళు అద్దెకు దిగినప్పుడు మేమిద్దరం తొమ్మిదో తరగతిలో ఉన్నాం. ఇద్దరికీ మాటలు తక్కువ కాబట్టి స్నేహం సులువుగానే కుదిరింది. తర్వాత నేను సాహిత్యం వైపు వెళ్ళాను. తను జీవరసాయనం చదివి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పరిశోధనకు చేరింది. శనివారం సాయంత్రం బస్సులో నర్సీపట్నం వస్తుంది, సోమవారం తెల్లవారుతూనే వెళ్ళిపోతుంది.

తన పని కొవ్వు కణాలతో. ఎలుక నుంచి వచ్చిన కణాలను చిన్న పళ్ళేల్లో పెంచుతారట. మొదట్లో అవి సన్నగా, పొడుగ్గా, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి పడుకున్నట్టు ఉంటాయట. ఇవ్వాల్సిన మందులు ఇస్తే కొన్నాళ్ళకు గుండ్రంగా మారి, లోపల నూనె బొట్లు చేరతాయి. ముందు ఒకటీ అరా, ఆ తర్వాత కణం నిండా. ఒకసారి ఫోన్లో బొమ్మ చూపించింది. చలికాలం పొద్దున్నే చింతపల్లి ఘాట్ ఎక్కుతుంటే బస్సు అద్దం మీద మంచు చుక్కలు కదిలి కదిలి కలిసిపోతాయి చూడండి, అచ్చం అలా ఉంది. వాటిని చూస్తూ కూర్చుంటే భోజనం వేళ కూడా తెలియదని చెప్పింది.

ఆ కణాలకు తను ఇచ్చి చూసేది పిప్పలి కారం. పిప్పలికి ఆ ఘాటునిచ్చే పదార్థం కణాల్లో కొవ్వు చేరకుండా కొంత ఆపుతుందని అంతకు ముందే కొందరు రాశారు. ఎంత ఆపుతుంది, ఎలా ఆపుతుంది అన్నది శాలిని పని. పిప్పలి వాళ్ళింట్లో కొత్త కాదు. వాళ్ళ నాన్న యేసురాజు గారు ఏజెన్సీ సంతల నుంచి పసుపూ పిప్పలీ కిందికి దించే గూడ్సు ఆటో నడుపుతారు. సాయంత్రం ఆయన మెట్ల దగ్గర చెప్పులు విప్పుతుంటే ఆ వాసన మా మేడ దాకా వచ్చేది. ఇక వాళ్ళమ్మ లీలా గారు భారీ మనిషి. చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. మోకాళ్ళు సహకరించక రెండేళ్ళుగా కుర్చీలో కూర్చునే పాడుతున్నారు. శాలిని ఎవరి కోసం ఆ పళ్ళేల మీదికి వంగి కూర్చుంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కణాల్లో కొవ్వును చూడటానికి ఒక ఎర్ర రంగు పోస్తారు. రంగు కొవ్వుకు అంటుకుంటుంది. మిగిలినదాన్ని కడిగేస్తారు. ఎంత ఎరుపు ఉంటే అంత కొవ్వు. ఒక శనివారం పిప్పలి కారం ఎక్కువగా వేసిన పళ్ళెం కడిగి చూస్తే, తెల్లవారే ముందు ఆకాశంలా లేత రంగు మాత్రమే మిగిలిందట. ఆ వారం ఊరికి రావడం కుదరక శాలిని ఫోన్లోనే వాళ్ళమ్మకు చెప్పింది. పిప్పలి కొవ్వును పోగొట్టేసిందమ్మా, అంది.

మర్నాడు ఆదివారం. ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. వారంలో దేవుడు చేసిన మేలును ఎవరికి వారు లేచి పదిమందికీ చెప్పుకునే సమయం అది. లీలా గారు కుర్చీ పట్టుకుని లేచారు. దేవుడు కొండ మీద పెట్టిన మందును తన బిడ్డ కళ్ళకు చూపించాడని, పిప్పలి కొవ్వు కరిగిస్తుందని చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ మంగళవారం శాలినిని ప్రయోగశాలలో వాళ్ళ మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు, కణాలు బతికున్నాయా అని. పరీక్ష చేసి చూస్తే ఆ లేత పళ్ళెంలో కణాలు చాలావరకు చచ్చిపోయి ఉన్నాయి. చచ్చినవి అడుగును వదిలేసి, కడిగిన నీళ్ళతో కొట్టుకుపోయాయి. ఎరుపు తగ్గింది అందుకే. తక్కువ మోతాదు వేసిన పళ్ళెంలో మాత్రం కణాలు బాగానే ఉన్నాయి, ఎరుపు కొద్దిగా తగ్గింది. ఆ కొద్దిగానే నిజం. అదైనా పళ్ళెంలో మాట, మనిషి ఒంట్లో కాదు. వాళ్ళమ్మ సాక్ష్యం సంగతి తెలియక, ఊరికి వచ్చాకే చెబుదామనుకుంది.

శనివారం శాలిని బస్సు దిగి వచ్చేసరికి వీధిలో రోళ్ళ చప్పుడు వినిపించింది. సంఘంలో ఆడవాళ్ళంతా పిప్పలి దంచుకుని తేనెలో నాకుతున్నారు. ఎస్తర్ రాణి గారనే పెద్దావిడ షుగర్ బిళ్ళలు కూడా మానేశారని, నీరసంగా ఉంటే మందు పని చేస్తోందనుకుంటున్నారని మా అమ్మే చెప్పింది. అది వినగానే శాలిని సంచీ కూడా దించకుండా వాళ్ళింట్లోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం కింద వాటాలో మాటలు మెల్లగా మొదలై గట్టిపడ్డాయి.

"సాక్ష్యం సెప్పీసినాక ఎనక్కి తీసుకుంటారేటే? నా మొకం ఎక్కడెట్టుకోవాల?" అన్నారు లీలా గారు.

"ఎస్తర్ అత్త బిళ్ళలు మానేసిందమ్మా."

"ఇంటికెళ్ళి దానికొక్కదానికీ సెప్పీ. బేగి సెప్పీ."

శాలిని వెళ్ళింది. ఎస్తర్ రాణి గారు నవ్వి, సాక్ష్యం అబద్ధం అవుతుందా పిల్లా, అని పంపేశారట. చర్చిలో విన్న మాట గుమ్మంలో చెబితే మారదు. రేపు చర్చికి తోడు రమ్మని శాలిని నన్ను అడిగింది.

ఆదివారం వెనక వరసలో తన పక్కన చాప మీద కూర్చున్నాను. కిటికీ లోంచి వచ్చే ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. పాటలు ఎక్కడో దూరంగా పాడుతున్నట్టున్నాయి. సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు నా పక్కన చోటు ఖాళీ అయింది. చూస్తే శాలిని నిలబడి ఉంది. అందరూ వినడానికి ముందుకు వంగారు.

"సంఘానికి వందనాలు. పోయిన ఆదివారం అమ్మ నా మాట నమ్మి చెప్పింది. నేను సరిగా చూడకుండా చెప్పాను. ఆ కణాలు సన్నబడలేదు, చచ్చిపోయాయి. పిప్పలి మందని ఎవరూ తినకండి. డాక్టరిచ్చిన బిళ్ళలు మానొద్దు."

ముందు వరసలో లీలా గారు కొంగు తల మీదికి లాక్కున్నారు గాని వెనక్కి తిరగలేదు.

"మరి దంచినదంతా ఏటి సేసుకోవాలమ్మా?" అని ఎవరో అడిగారు.

"మరిగే సారులో ఏసుకోండి," అన్నారు యేసురాజు గారు మగవాళ్ళ వైపు నుంచి. కొందరు నవ్వారు. ఎస్తర్ రాణి గారు నవ్వలేదు. ఆవిడ చూపు శాలిని మీద లేదు, లీలా గారి మీద ఉంది. ఆ మాట కూడా తల్లి నోటి నుంచే రావాలన్నట్టు చూస్తున్నారు.

ఆరాధన అయ్యాక లీలా గారు ఇంటి వైపు కాకుండా ఎస్తర్ రాణి గారి వీధి వైపు తిరిగారు. మేమిద్దరం వెనకే నడిచాం. ఆవిడ నాలుగు అడుగులకోసారి ఆగి మోకాలు పట్టుకుంటున్నారు. శాలిని చెయ్యి ఇవ్వబోతే వద్దన్నారు.

ఎస్తర్ రాణి గారి ఇంటికి ఎత్తు మెట్లు. గోడ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కారు. గుమ్మంలో నిలబడే అడిగారు.

"నీ బిళ్ళలేవి, వదినా?"

"నువ్వే కదేటి..."

"నానే సెప్పినాను. నాదే తప్పు. ఏసుకో, నాను సూసి ఎల్తాను."

లోపల గిన్నెలో నీళ్ళు ముంచిన చప్పుడైంది. శాలిని కింద మెట్టు దగ్గరే నిలబడిపోయింది. లీలా గారు గుమ్మం పట్టుకుని, ఆ గుటక కిందికి దిగేదాకా చూస్తూ ఉన్నారు.