అల్ కోజ్ పార్కింగులో బాపు నిద్ర

ఆ తెల్లవారుజామున కారులో ముగ్గురం ఉన్నాం. స్టీరింగు దగ్గర బాపు, పక్క సీట్లో నేను, వెనక సీట్లో పక్కగది అక్క. అక్క ఒళ్లో స్టీలు టిఫిను డబ్బా, దాని మీద ఒక చెంచా. డాష్‌బోర్డు మీద తడి తువ్వాలు. నా సంచిలో ఒక దరఖాస్తు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. నా చిన్నప్పటి సంగతి చెబుతున్నానంటే నవ్వొచ్చు. అప్పటికి నాకు పదహారేళ్లు, ఇప్పటికీ ఇరవై రెండు నిండలేదు. అయినా ఆ కారు ఎక్కేటప్పటికి నేను చిన్నపిల్లవాడినే.

మేం షార్జాలో రోలా దగ్గర రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్లం. ఒక గది మాది: బాపు, అమ్మ, నేను. రెండో గదిలో ప్లైవుడ్ అడ్డాలు పెట్టుకుని నలుగురు ఆడవాళ్లు ఉండేవారు. వాళ్లలో ఒకరు ఈ అక్క. గోదావరి వైపు మనిషి, దుబాయ్‌లో ఒక విల్లాలో వంటా ఇంటి పనీ చేసేది. మాది కరీంనగర్ వైపు. బాపు దుబాయ్‌లోనే అల్ కోజ్‌లో ఏసీ డక్టులు తయారుచేసే వర్క్‌షాపులో సూపర్‌వైజరు. ఇద్దరిదీ ఒకే దారి కాబట్టి అక్క రోజూ బాపు కారులోనే వెళ్లేది. డ్యూటీ ఆరింటికని బాపు చెప్పేవాడు. నాలుగున్నరకే బయలుదేరేవాడు, రాత్రి పదిన్నరకు తిరిగొచ్చేవాడు. నాకు గుర్తున్నంతవరకూ మా ఇంట్లో బాపు అంటే తలుపు చప్పుడు, దువ్వెనకు అంటిన తడి, గిన్నెలో మూతపెట్టిన అన్నం.

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. నా పదో తరగతి అయిపోయింది. తరవాతి రెండేళ్లకు, మన ఇంటర్ లాంటిదాన్ని అక్కడ సిక్స్త్ ఫామ్ అంటారు, కాలేజీ ఎంచుకోవాలి. ఒకటి షార్జాలోనే, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేంత దగ్గర, ఫలితాలు అంతంతమాత్రం. రెండోది దుబాయ్ అవతలి కొసన, అల్ కోజ్ దాటి ఇంకా ముందుకు. అక్కడ చదివినవాళ్లు మంచి మంచి ఇంజనీరింగ్ సీట్లు తెచ్చుకునేవారు. నాకు మార్కులు బాగా వచ్చాయి కనుక అక్కడ ఫీజులో రాయితీ ఇస్తామన్నారు. దాంతో రెండుచోట్లా ఖర్చు సుమారు ఒకటే అయింది. కాలేజీలను పోల్చడానికి గీసుకున్న పట్టికలో ఖర్చు వరస కొట్టేశాను.

నేను అప్పటికే ఏ పనికైనా పట్టిక గీసే మనిషిని. ఫలితాలకు అరవై, ప్రయోగశాలలకు పదిహేను, దూరానికి ఇరవై ఐదు అని బరువులు వేసుకున్నాను. దూరం ఊరికే కిలోమీటర్లలో వేస్తే తప్పని, ప్రయాణ సమయాన్ని నేనే కొలిచాను. ఎప్పుడు కొలిచానంటే శుక్రవారం పొద్దున. అప్పట్లో మాకు సెలవు శుక్రవారం. కాలేజీ చూసి వద్దామని బాపు, అమ్మ, నేను బయలుదేరితే రోడ్డంతా ఖాళీ. అరగంటలో గేటు ముందున్నాం. ఆ అరగంటనే పట్టికలో రాశాను. దూరపు కాలేజీ గెలిచింది.

సాయంత్రాలు బస్సులో, మెట్రోలో ఎలాగో వచ్చేస్తాను. పొద్దున అలా మారుతూ వెళ్తే మొదటి క్లాసు అందదు, అందుకే పొద్దున ఎలాగన్నదే ప్రశ్న. ఆ కాలేజీ బస్సు షార్జా దాకా రాదు.

"నేను దింపుత. నా దారే గదా," అన్నాడు బాపు.

"నీకు ఆలిస్యం కాదా?" అంది అమ్మ.

"కాదు. గదే కాలేజి. ఖలాస్. ఇగ ముచ్చట లేదు."

బాపు అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడో గాని చూడలేదు. వర్క్‌షాపులో తనకన్నా చిన్నవాళ్లయిన ఇంజనీర్ల చేత మాటలు పడేవాడు. ఏదో ఒకరోజు నా కొడుకు కూడా ఇంజనీర్లు పెట్టుకునే గట్టి టోపీ పెట్టుకుంటాడని అమ్మతో అనేవాడట. తెల్ల టోపీ. బాపుది పసుపు.

ఆ మాటలు ప్లైవుడ్ దాటి అక్కకు వినబడినట్టున్నాయి. మర్నాడు వంటింట్లో నన్ను పట్టుకుంది. "తమ్ముడూ, దరఖాస్తు ఇవ్వడానికి ఎలాగూ ఎల్లాలి కదా, రేపు మాతోనే వచ్చెయ్యి. ముందు సీట్లో కూచో. నాకు గొంతు పట్టేసింది, మాట పెగలట్లేదు. నా బదులు నువ్వే మీ నాన్నగారితో మాట్లాడుతూ ఉండాలి. ఆపకూడదు, తెలిసిందా?" అంది. మెడకు స్కార్ఫు చుట్టుకుని గుసగుసగా చెప్పింది. కారులో మాట్లాడటం కూడా ఒక పనా అనుకున్నాను.

రోలా సందులు దాటేవరకూ మాటలకు కొరత రాలేదు. క్రికెట్ అయింది, ఊళ్లో చిన్నమ్మ కడుతున్న ఇల్లు అయింది. పెద్ద రోడ్డెక్కాక మాటలు అయిపోయాయి. అప్పుడు చేతిలోని పట్టిక కాగితం విప్పాను. బాపుకు నచ్చుతుందని ఒక్కో వరసా చదివి వినిపించడం మొదలుపెట్టాను. గణితంలో ఇంతమంది, భౌతికంలో ఇంతమంది. మధ్యలో ఒక కూడిక తప్పినట్టు అనిపించి పెన్ను తీసి సరిచూసుకుంటున్నాను. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. ఎక్కువసేపేమీ కాదు.

చక్రాల కింద గర్రుమని చప్పుడు. రోడ్డు అంచున గరుకు గీత ఉంటుందే, దాని మీదికి ఎక్కాం. ఎడమన మమ్మల్ని దాటుతున్న లారీ హారను. తలెత్తి చూస్తే బాపు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్లు మూతపడి ఉన్నాయి.

వెనక నుంచి చెంచాతో స్టీలు డబ్బా మీద టంగు టంగుమని కొట్టింది అక్క.

బాపు కళ్లు తెరిచాడు. బండి మెల్లగా తన వరసలోకి వచ్చింది. "ఆఁ, సదువు సదువు. ఇంటున్న," అన్నాడు, ఏమీ జరగనట్టే.

నేను చదివాను. అల్ కోజ్ దాకా, పట్టిక అయిపోతే మళ్లీ మొదటినుంచి, ఆపకుండా చదివాను.

వర్క్‌షాపు వెనక ఇసుక నేల ఒకటి ఉంది. అక్కడ అప్పటికే పాతిక కార్ల దాకా ఆగి ఉన్నాయి. ఎవరూ దిగడం లేదు. చూపు ఆనాక తెలిసింది, ప్రతి కారులోనూ ఒక మనిషి పడుకుని ఉన్నాడు. సీటు వెనక్కి వాల్చి, అద్దం జానెడు దించి, ముఖం మీద తువ్వాలు. కొందరి పాదాలు కిటికీ బయట. అందరూ షార్జా, అజ్మాన్ నుంచి ట్రాఫిక్ మొదలవకముందే వచ్చేసి డ్యూటీ దాకా నిద్రపోయేవాళ్లే. బాపు కూడా బండి ఆపి, సీటు వాల్చి, తడి తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు. "ఏడింటికి లేస్త. మెట్రో దాకా అక్క తొవ్వ సూపిస్తది," అన్నాడు. చివరి మాట పూర్తయ్యేలోపే నిద్రపోయాడు.

అక్కా నేనూ దిగి సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. "మీ నాన్నగారి డ్యూటీ ఏడున్నరకి తమ్ముడూ. ఇంట్లో చెప్పొద్దన్నారు," అంది. స్కార్ఫు విప్పేసింది. గొంతు శుభ్రంగా ఉంది.

"గొంతు బాగానే ఉందిగా అక్కా?"

"నా గొంతుకేం. రోజూ వాగి వాగి అరిగిపోయింది గానీ." నవ్వింది. నవ్వు నిలవలేదు. "ఆ కాలేజీ గేటు ఏడింటికి తీస్తారంట కదా. నిన్నక్కడ దింపి, ఆ ట్రాఫిక్కులో వెనక్కొస్తే ఇంక ఈ నిద్ర ఉండదు. ఈ కాస్త నిద్ర ఉండగానే బండి అలా పక్కకి పోతంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఈ కారు ఎక్కకపోతే నాకు పని లేదు, ఎక్కితే రోజూ దణ్ణం పెట్టుకునే ఎక్కుతాను. నేను చెప్పానని అనకు. మీ నాన్నగారు తట్టుకోలేరు."

మెట్రో స్టేషనుకు ఆమె తోవ చూపించింది. కాలేజీ వైపు కాకుండా అవతలి వైపు ప్లాట్‌ఫారం ఎక్కి ఇంటికి వచ్చేశాను. దరఖాస్తు సంచిలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి బాపు వచ్చేదాకా మేలుకుని, దగ్గరి కాలేజీలోనే చేరతానని చెప్పాను. ఎందుకన్నాడు. అంత దూరం నావల్ల కాదన్నాను. బాపు అన్నం కలుపుతూ నా వైపు చూశాడు. "పదహారేండ్ల పోరనివి. అంత దూరానికే బుగులు వట్టిందా? రోజూ నేను పోతలేనా?" అన్నాడు. ఆ తరవాత చాలాకాలం నా చదువు గురించి బాపు అడగలేదు. దగ్గరి కాలేజీలో నాకు వచ్చిన మార్కులు ఆ కాలేజీలో అందరికీ వచ్చేలాంటివే. అనుకున్న సీటు రాలేదు. షార్జాలోనే దొరికిన కోర్సులో చేరాను. ఆ పట్టికను మళ్లీ లెక్కవేసి చూశాను, శుక్రవారం సమయం తీసేసి అసలు సమయం వేసి. అప్పుడు కూడా దూరపు కాలేజీయే, కొద్ది తేడాతో, గెలిచింది.

రెండేళ్లకు అక్క పనిచేసే విల్లా వాళ్లు దేశం వదిలి వెళ్లిపోయారు. వీసా రద్దయి అక్క ఊరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు చెంచా ఒక్కటీ నా చేతిలో పెట్టింది.

అప్పటినుంచి పొద్దున తలుపు చప్పుడు వినగానే బాపుకు ఫోన్ చేస్తాను. స్పీకరులో పెట్టుకుంటాడు. పార్కింగుకు చేరేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను. నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో బాపు అడగలేదు, నేనూ చెప్పలేదు. నిరుడు ఎండాకాలంలో ఒకరోజు సాయంత్రం తనే ఫోన్ చేశాడు. "పక్క బండ్ల పండుకున్నాయన ఇయ్యాల లేవలే," అన్నాడు. తెల్లవారి బాపు మళ్లీ అక్కడే పడుకున్నాడు. వేరే చోటు లేదు.

ఆ రోజునుంచి ఏడింటికి రెండోసారి కూడా చేస్తున్నాను. బాపు ఫోనులో అలారం ఉంది, అది మోగుతుంది, నాకు తెలుసు. బాపు మామూలుగా రెండు రింగులకే ఎత్తుతాడు.

ఇవాళ ఆరో రింగుకు ఎత్తాడు.