మా అమ్మాయి సగంలో వదిలిన సినిమా

మా అమ్మాయి పోయింది. మామిడి కోతలు మొదలైన వారంలోనే, విజయవాడ ఆసుపత్రిలో. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం గుండెకు పట్టిందన్నారు. ఇరవయ్యేళ్ళు నిండలేదు. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఒంట్లో బాగోక ఇంటరుతో చదువు ఆపేశాక దాని లోకమంతా టీవీయే. నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. సీజన్లో హాలంతా గడ్డి పరిచి, టీవీ ముందే కూర్చుని కాయలు ఏరేవాళ్ళం. కామెడీ సీరియల్ వస్తే నాకూ మా ఆయనకూ హిందీ రాకపోయినా నవ్వేవాళ్ళం. టీవీలోంచి గుంపు నవ్వు వినబడేది కదా, దాంతోపాటు మేమూ. మా అమ్మాయి మాత్రం నవ్వేది కాదు.

"నవ్వు కూడా వాళ్ళే నవ్వేస్తుంటే ఇంక మనమెందుకు నాన్నా?"

"ఊరంతా నవ్వుతుంటే నువ్వొక్కదానివే జడ్జీగారివి."

"మీ చేతులు చూసుకోండి. కాయ తిప్పి చూస్తూనే ఉన్నారు. నిజంగా నవ్వొస్తే చేతులాగిపోవాలి."

ఒకరోజు సీరియల్లో ఓ గుమాస్తా ఇంటికి ఆఫీసరు భోజనానికొస్తాడు. ఆఫీసరు కోసం తెచ్చిన కుర్చీ పక్కింటివాళ్ళది. ఆ పక్కింటాయనే వచ్చి అందులో కూర్చుని లేవడు. వెనక గుంపు నవ్వు లేదు, ఏమీ లేదు. మా ఆయన నవ్వీ నవ్వీ దెబ్బ తగిలిన కాయలన్నీ మంచికాయల బుట్టలో వేసేశారు. "ఇదీ కామెడీ అంటే!" అని అది చప్పట్లు కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నం అవార్డు సినిమాలు వేసేవారు. పాటలుండవు, ఫైట్లుండవు. చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగు ఒక్కొక్కరే లేచిపోయేవారు. "ఏమే, ఆ ముసలాయన ఇంకా నడుస్తూనే ఉన్నాడా?" అని మా ఆడపడుచు గుమ్మంలోంచే వెక్కిరించేది. "నడవనీ అత్తా, మీ ఇంటికైతే రావట్లేదుగా!" అనేది ఇది. కింద వచ్చే ఇంగ్లీషు చదివి నాకు కథ చెప్పేది. "ఈ సినిమాలు మనల్ని ఏడవమని అడగవమ్మా. వాళ్ళింట్లో ఓ మూల కూర్చోనిస్తాయి, అంతే" అనేది.

ఆసుపత్రికి వెళ్ళే ముందు ఆదివారం చూసింది ఓ పడవవాడి కథ. ఏ భాషో నాకు తెలీదు. ఏటిమీద వంతెన కట్టేశారు. పడవను చెక్కల కింద అమ్మేసి, తెడ్డొకటి భుజాన వేసుకుని ముసలాయన గట్టెక్కుతున్నాడు. అవతలి గట్టు నుంచి ఎవరో పిలిచారు. ఆయన వెనక్కి తిరగబోయాడు. కరెంటు పోయింది. వచ్చేసరికి సినిమా అయిపోయింది.

"ఎవరు పిలిచారమ్మా?" అంది. ఆసుపత్రి మంచం మీదా అదే అడిగింది.

"కొడుకై ఉంటాడే."

"ఊహలొద్దు. వాళ్ళేం చూపించారో అది కావాలి. ఎవరినైనా కనుక్కో."

కనుక్కుంటానన్నాను. బజారంతా అడిగాను, రెడ్డిగూడెం చుట్టాలనడిగాను. "అలాంటి సినిమా చివరిదాకా ఎవరు చూస్తారండీ?" అన్నారు. అది వెళ్ళిపోయింది.

ఇది చదివే మీ ఊళ్ళో ఆ రోజు కరెంటు ఉండే ఉంటుంది. మీలో ఎవరైనా చూసుంటే చెప్పండి. "తెలుసుకుని ఇంకెవరికి చెప్తావే?" అంటారు మా ఆయన. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ ముసలాయన గట్టుమీదే ఉంటాడు. భుజాన తెడ్డు, తల సగం తిరిగి.