తెలుగులో ఓడిపోయిన జట్టు

పెళ్ళయి కోవిల్‌పట్టికి వచ్చేనాటికి హాకీ గురించి నాకు తెలిసింది ఒక్కటే, ఆ బంతి రాయంత గట్టిగా ఉంటుందని. మా ఆయన రోజూ దానికి ఎదురుగా నిలబడి సంపాదిస్తాడని తాళి కట్టాక తెలిసింది. మేనత్త కొడుకే అయినా ఎవరూ చెప్పలేదు. స్పిన్నింగ్ మిల్లులో ఉద్యోగం అన్నారు. అబద్ధం కాదు. పొద్దున సగం షిఫ్టు నూలు కండెల దగ్గర, సాయంత్రం మిల్లు జట్టుకు గోల్‌కీపరు. తొంభైల చివర ఆ ఊళ్ళో ఆటగాళ్ళను జీతమిచ్చి పెట్టుకోవడం మిల్లులకు ఒక దర్జా.

ఆయన ఇంకా టెంపరరీ. ఆయుధ పూజ నాడు యంత్రాలకు చందనం పూసి, బొరుగులు పంచి, మేనేజరు ఒక మాట అన్నాడు. ఎండాకాలం పోటీల్లో సెమీఫైనల్‌కు చేరితే టెంపరరీ ఆటగాళ్ళందరూ పర్మనెంట్. పర్మనెంటయితే మిల్లు ఇల్లు, పిల్లకు జబ్బు చేస్తే మిల్లు డాక్టరు. మా పాపకు అప్పుడే పళ్ళు వస్తున్నాయి. అది తుమ్మితే నాకు న్యుమోనియా కనిపించేది, తుమ్మకపోతే ఊపిరాడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అంచేత ఆ జట్టు గెలవాలని నాకంటే గట్టిగా కోరుకున్నవాళ్ళు ఊళ్ళో లేరు. జట్టులోనూ లేరు.

ఆ ఏడాది వాళ్ళు ఓడిపోని ఊరు లేదు. తూత్తుకుడిలో ఓడిపోయి సముద్రపు గాలి అన్నారు. గాలి అవతలి జట్టు మీదికి వీయలేదేమో. విరుదునగర్‌లో మా పుట్టింటి పక్కవీధి కుర్రాళ్ళ చేతిలో ఓడిపోతే, మా అమ్మ అల్లుడు బాధపడతాడని కారప్పూస చేసి పంపింది. కెప్టెన్‌కు పొట్ట ముందొచ్చి ఆయన వెనక వచ్చేవాడు. కోచ్‌కు వీరత్వం మీద నమ్మకం. పౌరుషం వస్తుందని జట్టునంతా వ్యానులో, తెల్లవాళ్ళతో పోరాడిన పాలెగాడి పాంచాలంకురిచ్చి కోట చూపించడానికి తీసుకుపోయాడు. వీళ్ళు కోట బయట పరోటాలు తిని, వ్యానులో నిద్రపోయి, మరునాడు ఓడిపోయారు.

ఎండాకాలం పోటీలకు దేశం నలుమూలల నుంచీ జట్లు వచ్చాయి. మొదటి ఆట మావాళ్ళు గెలిచారు. అవతలివాళ్ళు రెండు రాత్రులు రైల్లో నిలబడి వచ్చారట. రెండో ఆట కూడా గెలిస్తే సెమీఫైనల్. ప్రత్యర్థులు సికింద్రాబాద్ నుంచి వచ్చిన పచ్చ చొక్కాల జట్టు.

ఇక్కడ మావాళ్ళ అలవాటొకటి చెప్పాలి. జట్టులో అందరూ తరాల కిందట తమిళనాడుకు వచ్చి స్థిరపడ్డ తెలుగిళ్ళవాళ్ళే. మాకు గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మైదానంలో మాత్రం మావాళ్ళు తెలుగులో అరుచుకునేవాళ్ళు. అవతలివాళ్ళకు అర్థం కాదు కదా. అదీ మామూలు తెలుగు కాదు. తాతలు అరక దున్నేటప్పుడు ఎడమ ఎద్దును దాపట అనీ, కుడి ఎద్దును వలపట అనీ అనేవారు. వీళ్ళకు ఎడమ కుడి అంటే అవే. ఎంత ఓడిపోయినా, ఆ రహస్య భాష ఒకటుందని వాళ్ళకు గర్వం.

ఆ రోజు పాప చెవుల్లో దూది పెట్టి, మా అత్త పక్కన సరుగుడు కట్టెల గ్యాలరీలో కూర్చున్నాను. అత్త అగ్గిపెట్టెలకు కాగితం అంటించే పని మానుకుని మరీ వచ్చింది. అవతలివాళ్ళకు పెనాల్టీ కార్నర్ వచ్చింది, గోలు మీదికి నేరుగా కొట్టే అవకాశం. మా ఆయన గోలు ముందు నిలబడి మైదానమంతా వినబడేలా అరిచాడు.

"నేను దాపటికి పోతా. నువ్వు వలపట చూసుకోరా."

బంతి వలపటికే వచ్చింది. ఆ చూసుకోవలసినవాడు చూస్తూనే ఉన్నాడు.

తర్వాత మావాళ్ళకు కార్నర్ దొరికింది. కెప్టెన్ పొట్ట సవరించుకుని, "ఈ తూరి దాపటికి కొడ్తా ఉండాను" అన్నాడు. వాళ్ళ గోల్‌కీపరు తీరిగ్గా అటే జరిగి నిలబడ్డాడు. విరామానికి మా మీద నాలుగు గోల్సు.

మా ముందు నేల మీద వాళ్ళ అదనపు ఆటగాళ్ళు ఇద్దరు కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

"మా తాత ఎడ్లతోని గిట్లనే మాట్లాడేటోడు," అన్నాడొకడు.

"చెప్పి మరీ కొడ్తున్నరు, మంచోళ్ళు," అన్నాడు రెండోవాడు.

అది తెలుగు. మదురైలో కాలేజీకి పోయి తెలుగు రెండో భాషగా చదివినదాన్ని. దేశపటం తెలిసినదాన్ని. నాకూ అంతవరకు తట్టలేదు.

"అత్తా, వాళ్ళు తెలుగోళ్ళు."

"ఎవురు?"

"ఆ పచ్చ చొక్కాలోళ్ళు. వాళ్ళ ఊరి పక్క అంతా తెలుగోళ్ళే."

"అంతానా? అంగట్లో కూడానా?"

"అంగట్లో, బస్సులో, పోలీసులు కూడా."

అత్త నా మొహంలోకి చూసింది. "మరి ఇంట్లో ఏం మాట్లాడుకుంటారే?"

దానికి జవాబు చెప్పే వ్యవధి లేదు. కోడలు మగవాళ్ళ మధ్యకు పోకూడదు గనుక, పోయి బావతో మెల్లిగా చెప్పమని అత్తను పంపాను. అత్త కంచె దగ్గరికి పోయి, నిమ్మచెక్కలు చీకుతున్న జట్టును అంత దూరం నుంచే పిలిచింది.

"రేయ్, వాళ్ళు తెలుగోళ్ళంటరా. మీ గుట్టంతా వాళ్ళకు తెలుస్తా ఉందంట. ఇంగ అరవంలో మాట్లాడుకోండ్రా."

తెలుగులోనే చెప్పింది. పచ్చ చొక్కాలన్నీ ఇటు తిరిగి, "సరేనమ్మా" అన్నాయి.

రెండో సగం తమిళంలో ఆడారు. ఆడారనడం పెద్ద మాట. మావాళ్ళకు తమిళం బజారు భాష, బస్సు కండక్టరుతో, హెడ్మాస్టరుతో మాట్లాడే భాష. నోటికి మర్యాద వచ్చేసింది. ఎన్నేళ్ళుగానో ఒరేయ్ అనుకున్నవాళ్ళు, అన్నా కొంచెం ఇటు ఇవ్వండన్నా అని అడిగేసరికి బంతి మా గోలు దగ్గరుండేది. మా ఆయన మాత్రం నోరు మూసుకున్నాడు. మోకాలితో, ఛాతీతో, ఒకసారి గడ్డంతో ఆపాడు. గడ్డానికి తగిలినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. అత్త, "ఉండాడు, ఉండాడు, నిలబడే ఉండాడు" అని చెప్తూ పోయింది. ఆ సగంలో ఒక్క గోలూ పోలేదు. మా వైపు నుంచి ఒక్కటీ రాలేదు కూడా.

మరునాడు మేనేజరు పిలిపించాడు. వాడిన మొహంతో తిరిగొచ్చి మా ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"జట్టు ఎత్తేసినారు. పర్మనెంట్ లేదు," అన్నాడు.

"ఏమన్నాడు?"

"వాళ్ళకు మీ భాష వస్తుందని మీకు తెలీదా అన్నాడు. ఎవురూ చెప్పలేదు సార్ అన్నా. నవ్వినాడు. నవ్వితే ఇస్తాడేమో అనుకున్నా. పత్తి దులిపే గదిలో ఫుల్ షిఫ్టు చెయ్యి, టెంపరరీగానే, అన్నాడు."

పత్తి గది నుంచి వచ్చేవాళ్ళను చూశాను. కనుబొమ్మల మీద కూడా దూది. ఆ చొక్కాతో పాపను ఎత్తుకుంటాడు. పాపకు ఆయాసం వస్తుంది. మిల్లు డాక్టరు చూడడు. ఇదంతా నా తలలో ఒక్క క్షణంలో జరిగిపోయింది.

"వద్దు బావా. విరుదునగర్ పోదాం. నాయనకు పప్పు మిల్లులో తెలిసినోళ్ళుండారు."

"అత్తగారి ఊరికి పోయి బతికేది నామోషీ గదే," అన్నాడాయన.

"నిన్న అంత మంది ముందర నాలుగు గోల్సు తినింది నామోషీ కాదా?" అంది మా అత్త లోపలినుంచి.

ఆయన బంతి తగిలిన గడ్డం తడుముకున్నాడు. తర్వాత లేచి పాపను ఎత్తుకుని, "ఇంగ సద్దుకో" అన్నాడు.

నాయన అన్నీ మాట్లాడి పెట్టాడు. ఆ పప్పు మిల్లుకు జట్టు లేదు. బస్సెక్కే ముందే అడిగి తెలుసుకున్నాను.